రాత్రి షిఫ్టు పిల్లలు

"మిస్, చిన్నప్పుడు మిమ్మల్ని పడుకోమని ఎవరు చెప్పేవాళ్ళు?" అని యెసేనియా అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా బిల్డింగ్‌కు ఎదురుగా ఉన్న మిడిల్ స్కూల్లో, లైబ్రరీ గదిలో, రంగుల సీసాల మధ్య కూర్చుని ఉన్నాం. చుట్టూ ఏడో తరగతి పిల్లలు. ఆ చలికాలం వారానికొకసారి ఒక నర్సు వచ్చి వాళ్ళకు నిద్ర గురించి పాఠం చెప్పేది. నిద్రకు పాఠమేమిటని మొదట నాకు నవ్వొచ్చింది. కానీ పొద్దున మొదటి పీరియడ్‌కే సగంమంది పిల్లలు బల్లల మీద తలలు వాల్చేస్తుంటే టీచర్లు ఏం చేయాలో తోచక ఆమెను పిలిపించారు. మా పేట టొరంటోకు ఒక చివర. స్టీల్స్ రోడ్డు దాటితే వాన్ అనే పక్క ఊరు. అటు పక్క కనుచూపు మేర వేర్‌హౌసులు, ఇటు పక్క వాటిలో పనిచేసేవాళ్ళు కాపురముండే ఎత్తైన అపార్ట్‌మెంట్లు. ఎక్కువగా ఎల్ సాల్వడోర్ నుంచి, కొలంబియా నుంచి, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు. లిఫ్టులో వినీ వినీ నాకు కూడా నాలుగు స్పానిష్ ముక్కలు వచ్చాయి. మా ఆయన పోయాక పగలంతా ఒక్కదాన్నే ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఆ స్కూల్లో వాలంటీరుగా చేరాను. పిల్లలు నన్ను మిస్ రాజీ అంటారు.

"మా వీధి చెప్పేది," అన్నాను చివరికి. పిల్లలు నవ్వారు. యెసేనియా నవ్వలేదు. కుంచె గ్లాసులో పెట్టి, మిగతాది కూడా చెప్పమన్నట్టు నా మొహంలోకి చూసింది. మిగతాది చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ భాషలోనే ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, అయినా మా వీధిని అందులోకి ఎక్కించడం నావల్ల కాలేదు. ఇప్పుడు తెలుగులో రాస్తున్నది ఆ రోజు ఆ పిల్లకు చెప్పలేకపోయిన జవాబే.

మా నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గనిని మా ఆదిలాబాద్ జిల్లాలో బాయి అనే అంటారు. వరసగా, ఒకదాని వీపుకు ఒకటి ఆనించి కట్టిన క్వార్టర్లలో మాదొకటి. ఒక గది, ఒక వంటగది, ముందు చిన్న వసారా. సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ పచ్చి బొగ్గు కుప్ప పోసి అంటించేవాళ్ళు. పొగంతా పోయి కణకణలాడాక పొయ్యిలోకి ఎత్తుకునేవాళ్ళు. ఆ పొగ వాసన మా బట్టల్లో, జుట్టులో, అన్నంలో కూడా ఉండేది. దాన్ని వాసన అంటారని నేను కాలేజీ చదువుకు వరంగల్ వెళ్ళాక గాని నాకు తెలియలేదు. నాయిన రాత్రి షిఫ్టు దిగి పొద్దున్నే వచ్చేసరికి అమ్మ గంగాళంలో నీళ్ళు కాచి ఉంచేది. ఎర్ర సబ్బుతో ఎంత తోముకున్నా ఆయన కళ్ళ చుట్టూ సన్నని నల్లటి గీత మిగిలిపోయేది, కాటుక పెట్టినట్టు. జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని ఆయన నవారు మంచం మీద వాలగానే అమ్మ ఒక గోనెసంచిని నీళ్ళలో ముంచి, పిండి, కిటికీకి అడ్డంగా కట్టేది. ఎండను ఆపడం ఒక్కటే దాని పని కాదు. కిటికీకి తడి సంచి వేలాడుతోందంటే లోపల రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నాడని వీధి మొత్తానికీ తెలిసేది.

ఇక ఆ ఇంటి ముందు ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. గోలీలాడే పిల్లలు తమంతట తామే పక్క సందులోకి మారేవాళ్ళు. మాకు ఎక్కాల కంటే ముందు షిఫ్టుల లెక్క వచ్చేసింది, ఏ వారం ఎవరి నాయిన ఏ షిఫ్టో చెప్పని పిల్ల లేదు. ఒకసారి సంచి కట్టడం ఆలస్యమైంది. గాజులమ్మే ఆమె మా వసారా ముందు నిలబడి కేకేసింది. అమ్మ చేతిలోని పిండితోనే బయటికి పరుగెత్తింది.

"ఓ అక్కా, జర మెల్లగ. మా ఇంటాయన నైట్ షిఫ్ట్ జేసొచ్చి ఇప్పుడే పండుకున్నడు."

"మరి సంచి ఎయ్యకపోతివి గదనే, నాకేమెరుక," అని ఆమె నాలుక్కరుచుకుంది. ఆ తర్వాత బేరమంతా గుసగుసల్లోనే సాగింది. అమ్మ ఎర్ర గాజులు తీసుకుందో ఆకుపచ్చవి తీసుకుందో గుర్తులేదు గాని, ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు దొంగల్లాగా గాజులు బేరమాడుకున్న ఆ గుసగుస మాత్రం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మా నిద్రకూ అంతే కట్టడి. వీధి కుళాయి దగ్గర చివరి బిందె నిండిందంటే పిల్లలు మంచాల మీదికి చేరాల్సిందే. మా అమ్మ చెప్పకపోతే పక్కింటి లస్మక్క చెప్పేది, ఆమె చెప్పకపోతే ఎదురింటి తాత కర్రతో నేలమీద కొట్టేవాడు. అది క్రమశిక్షణ అని ఇప్పుడు చదువుకున్నవాళ్ళు పేరు పెడతారేమో. అప్పుడు అది భయం. "నిద్ర కండ్లతోటి బాయిల దిగినోడు మల్ల పైకి రాడు," అని అమ్మ అనేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అనేది. మా ఇళ్ళల్లో నిద్ర తిండి కన్నా ముందు లెక్కకొచ్చేది.

నర్సు చెప్పే పాఠం వేరు. ఆమె మంచి మనిషి. పిల్లల పేర్లు తప్పు పలకకుండా మొదటి వారంలోనే నేర్చుకుంది. పడుకునే ముందు ఫోన్ చూడొద్దంది, డబ్బాల్లో దొరికే ఎనర్జీ డ్రింకులు తాగొద్దంది, కారం చిప్సు తింటూ పరుపెక్కొద్దంది, రోజూ ఒకే వేళకు దీపం ఆర్పమంది. ఒక వారం ఖాళీ బూట్ల డబ్బాలు మోసుకొచ్చి, ఇవి మీ ఫోన్లకు మంచాలు, రంగులు వేసుకోండి, రాత్రి ఫోన్‌ను ఇందులో పడుకోబెట్టి వేరే గదిలో పెట్టండి, అంది. పిల్లలకది ఆటలాగా నచ్చింది. ఒకడు ఫుట్‌బాల్ మైదానం గీశాడు. ఒకమ్మాయి డబ్బాలో చిన్న దిండు కూడా కుట్టి పెట్టింది. యెసేనియా అగ్నిపర్వతం వేసింది, దాని కింద కాఫీ తోటలు, ఎర్ర పెంకుల ఇళ్ళు. అన్నిటికంటే అదే బాగుంది. మరుసటి వారం నర్సు ఎవరెవరు ఫోన్లను పడుకోబెట్టారో చేతులెత్తమంది. చాలా చేతులు లేచాయి, సగం అబద్ధాలే అనుకోండి. యెసేనియా చెయ్యి లేవలేదు. ఆ పిల్ల కళ్ళ కింద పెద్దవాళ్ళకు ఉండేలాంటి నీలి చారలు.

క్లాసు అయ్యాక కుంచెలు కడగడానికి నాతోపాటు సింకు దగ్గరికి వచ్చింది. "డబ్బా అంత బాగా వేశావు, ఎందుకు వాడలేదు?" అని అడిగాను.

"ఫోన్ పడుకుంటే అమ్మ ఎట్లా ఫోన్ చేస్తుంది?"

కుళాయి తిప్పి ఉంది. నీళ్ళలో రంగులు కారిపోతున్నాయి. తల ఎత్తకుండా, ఒక్కొక్క కుంచె కడుగుతూ చెప్పింది. వాళ్ళమ్మ గ్లోరియా వాన్‌లో ఒక వేర్‌హౌసులో రాత్రి షిఫ్టు. నాన్న లేడు. ఎక్కడున్నాడో చెప్పలేదు, నేను అడగలేదు. చెల్లెలు లూసియాకు ఐదేళ్ళు. అమ్మ వెళ్ళగానే యెసేనియా తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి, చెల్లెలికి తినిపించి, పడుకోబెట్టి, ఫోన్ దిండు కింద పెట్టుకుని కూర్చుంటుంది. బ్రేకులో అమ్మ ఫోన్ చేస్తుంది.

"బ్రేకు అయిపోయాక పడుకోవచ్చుగా?"

"లిఫ్టు వింటా మిస్. అది మా ఫ్లోర్లో ఆగితే ఒక రకంగా చప్పుడొస్తుంది, పైకి పోతే ఇంకో రకంగా. అమ్మ వచ్చేదాకా వింటా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత స్కూలు టైమవుతుంది." కుంచెలన్నీ తుడిచి సీసాలో నిలబెట్టింది. "ఇది ఎవరికీ చెప్పకండి మిస్."

నేను ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా అట్లాగే సోఫాలో కూర్చుండిపోయాను. ఆ పిల్ల వినేది లిఫ్టు చప్పుడు. నేను ఆ పిల్ల వయసులో సైకిల్ చప్పుడు వినేదాన్ని.

మా పక్కింట్లో పోశన్న చిన్నాయన ఉండేవాడు. చుట్టం కాదు, వరస కలుపుకున్నాం. నాకు కాగితాలతో పడవలే కాదు, పిట్టలు, పాములు కూడా చేసిచ్చేవాడు. వాళ్ళ చెల్లెలి పెళ్ళి మా కాలనీలోనే జరిగింది. రెండు రోజులు కంటి మీద కునుకు లేకుండా పందిళ్ళు, వంటలు చూసుకుని, మూడో రోజు అర్ధరాత్రి దాకా సాగే రెండో షిఫ్టుకు దిగాడు. ఆ రాత్రి వేళకాని వేళ సైరన్ మోగింది. కాలనీలో ఆడవాళ్ళంతా ఉన్న చీరల్లో ఉన్నట్టే బాయి గేటు దగ్గరికి పరుగెత్తారు. అమ్మ నన్ను రెక్క పట్టుకుని లాక్కుపోయింది, ఇంట్లో ఒక్కదాన్నే వదలడానికి మనసొప్పక. నాయిన కూడా అదే షిఫ్టులో ఉన్నాడు. పైకొచ్చాడు. పోశన్న చిన్నాయన పైకొచ్చిన తీరు నేను చూడకుండా ఎవరో నా మొహాన్ని తమ కడుపుకు అదిమి పట్టుకున్నారు. ఆ చీరకు పసుపు వాసన, పెళ్ళింటి వాసన. పైనుంచి బండ పడిందన్నారు. నిద్రమత్తులో ఉండి, బండ విరిగే చప్పుడు పసిగట్టలేదన్నారు. ఎవరు చూడొచ్చారు, లోపల ఏం జరిగిందో. కానీ కాలనీ ఆ మాటే నమ్మింది, నేనూ నమ్మాను.

ఆ తర్వాత నాయినకు రెండో షిఫ్టు పడినప్పుడల్లా నాకు నిద్ర రావడం మానేసింది. కళ్ళు మూసుకుని, చెవులు తెరుచుకుని పడుకునేదాన్ని. షిఫ్టు దిగిన సైకిళ్ళు గుంపుగా వచ్చేవి. నాయిన సైకిల్‌కు చైను మీది రేకు వదులు, కటకటమనేది. ఆ కటకట కోసం ఒక్కో సైకిల్ చప్పుడూ వేరుచేసి వినేదాన్ని. ఎప్పుడైనా ఆయన దారిలో ఎవరితోనో మాట్లాడుతూ ఆలస్యమైతే ఆ కాసేపట్లో ఆయన్ను మనసులో ఎన్నిసార్లు చంపుకునేదాన్నో. బడిలో నిద్రపోతే సారు బెంచీ ఎక్కించేవాడు. నిలబడి కూడా నిద్రపోతే చేతుల మీద కొట్టేవాడు. అమ్మ దిష్టి తీసింది, గసగసాలు నూరి పాలలో కలిపి తాగించింది, ఎవరో చెబితే తాయెత్తు కట్టించింది. నాకేమైందని నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. చెబితే నిజమవుతుందని భయం.

ఊరినుంచి మా నాయినమ్మ వచ్చింది. సన్నగా, ఎండిన కట్టెలాగా ఉండేది, చుట్ట కాల్చేది, ఎవరినీ దగ్గరికి తీసి ముద్దుచేసే మనిషి కాదు. రెండు రాత్రులు నన్ను ఊరికే గమనించింది. మూడో రాత్రి నా మంచం పక్కకు వచ్చి కూర్చుంది.

"ఏం బిడ్డా, మీ నాయిన కోసం కావలి కాస్తున్నవా?"

నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

"కావలి కాసుడు ముసలోళ్ళ పని. నాకెట్లాగు నిద్ర రాదు. వాడు వచ్చేదాంక నేను గడపల కూసుంట. వాడు రాంగనే నిన్ను లేపుత. నువ్వు పండుకో."

"మర్చిపోతె?"

"నా కొడుకును నేను మర్చిపోతనా?"

గడపలో ఆమె వీపు, చుట్ట చివర ఎర్రటి నిప్పు కనిపించేవి. మొదటి రాత్రి ఆ నిప్పునే చూస్తూ పడుకున్నాను. అది చూస్తూనే ఎప్పుడో నిద్రపోయాను. ఆమె నన్ను లేపింది కూడా. మాట నిలబెట్టుకుంటూ, "వచ్చిండు సూడు," అని నా మొహం అటు తిప్పింది. చూసి మళ్ళీ పడుకున్నాను. కొన్ని వారాలకు లేపొద్దని నేనే చెప్పాను. ఎన్నో ఏళ్ళ తర్వాత, నాకు పెళ్ళయ్యాక, అమ్మ నవ్వుతూ ఒక సంగతి చెప్పింది. నాయినమ్మ గడపకు ఆనుకుని నాకంటే ముందే గురకపెట్టేదట. నాయిన వచ్చి తల్లి భుజం తట్టి లేపితే, ఆమె లేచి నన్ను లేపేదట.

ఇదంతా నాకు తెలుసు. అయినా మరుసటి రోజు స్కూలుకెళ్ళి, యెసేనియా చెప్పొద్దన్న మాటను నర్సుకు చెప్పాను. వాలంటీరుగా చేరినప్పుడే మాకు చెప్పారు, పిల్లల భద్రత విషయంలో ఏం విన్నా దాచకూడదని. పన్నెండేళ్ళ పిల్ల, ఐదేళ్ళ పిల్ల, కుర్చీ అడ్డం పెట్టిన తలుపు. నాకు వేరే దారి కనపడలేదు, ఇవాళ అడిగినా కనపడదు. నర్సు కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. "నేను ఫోన్లకు మంచాలు చేయిస్తున్నాను," అని మాత్రం అంది. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసుకు కబురు వెళ్ళింది. యెసేనియాకు తెలిసిపోయింది. ఆ వారం లైబ్రరీలో నా బల్ల దగ్గరికి రాలేదు. కిటికీ పక్కన కూర్చుని, అగ్నిపర్వతం డబ్బా మీద నల్లరంగు పూసింది.

వాళ్ళు మా బిల్డింగే. నేను నాలుగో ఫ్లోర్, వాళ్ళు పదకొండు. సాయంత్రం వెళ్ళి తలుపు కొట్టాను. గ్లోరియా గొలుసు తీయకుండా తలుపు కొద్దిగా తెరిచింది. మనిషి పొట్టి, భుజాలు గట్టివి, తడి జుట్టు. అప్పుడే నిద్ర లేచినట్టుంది.

"నువ్వేనా?" అంది.

"నేనే."

"నా పిల్లల్ని తీసుకుపోతే?"

"తీసుకుపోరు. వాళ్ళు ముందు సాయం..."

"నీకు తెలుసా? తెలుసా నీకు?" గొంతు పెంచలేదు. ఆ నెమ్మది నన్ను ఎక్కువ భయపెట్టింది. "నేను పగలు పని అడగలేదనుకున్నావా? ఏజెన్సీవాళ్ళు రాత్రిదే ఇచ్చారు. పిల్లల్ని చూసుకోవడానికి మనిషిని పెడితే నా జీతం ఆ మనిషిదే. చెప్పు, ఏం చేయాలి?"

"రాత్రిళ్ళు నేను వచ్చి పడుకుంటాను," అన్నాను. ఆ మాట అనాలని నేను ముందుగా అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది, చీర మీద వేసుకున్న స్వెట్టర్, ఊలు మేజోళ్ళు, నెరిసిన జడ. తలుపు వేసేసింది.

ఆ రాత్రి మాంట్రియల్ నుంచి మా అమ్మాయి శైలజ ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను. తను అక్కడ ఐటీ కంపెనీలో పనిచేస్తుంది.

"అమ్మా, నువ్వు వాళ్ళింట్లో పడుకోవడమేంటి? రేపు ఏమైనా అయితే రెస్పాన్సిబిలిటీ ఎవరిది? నీకు బీపీ ఉంది. అసలు నువ్వు ప్రాపర్‌గా నిద్రపోయి ఎన్ని నెలలైంది, నాన్న పోయినప్పటినుంచి?"

"నాకెట్లాగూ నిద్ర రాదు కదే," అన్నాను. అని, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"ఏమైంది? హలో?"

"ఏం లేదు. ఇంకా ఆమె ఒప్పుకోలేదులే."

ఒప్పుకోవాల్సి వచ్చింది. సంక్షేమ ఆఫీసునుంచి వచ్చిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ళు ఉండి తీరాలంది. మరునాడు గ్లోరియా మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "ఇవాళ వస్తావా?" అని అడిగింది. చేతిలో గిన్నె, మీద మూత. లోపల పుపూసాలు. అవి మన మక్కజొన్న రొట్టెల్లాగే ఉంటాయి, లోపల చిక్కుడు ముద్ద. ఆమె కళ్ళల్లో స్నేహం ఏమీ లేదు. నేనూ ఆశించలేదు.

అట్లా ఆ చలికాలమంతా నేను రాత్రిళ్ళు పదకొండో ఫ్లోర్లో సోఫా మీద గడిపాను. లూసియాకు నేనంటే మొదటి రోజే మచ్చిక, నా జడతో ఆడుకుంటూ పడుకునేది. యెసేనియా మాత్రం నాతో మాట్లాడేది కాదు. తలుపుకు కుర్చీ పెట్టడం మానలేదు. నేను సోఫాలో, తను లోపల గదిలో, ఇద్దరం మెలకువగా ఉండి లిఫ్టు వినేవాళ్ళం. గోడకు ఆ పక్క ఎవరో మంచం దిగిన చప్పుడు, ఎవరింట్లోదో టీవీ, కారిడార్లో అడుగులు. ఈ బిల్డింగ్‌లో ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలు ఇట్లా చెవులొగ్గి ఉన్నారో అనిపించేది. మా కాలనీ పేదదే, ప్రాణాలకు భరోసా లేనిదే. ఆ బతుకు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కానీ అక్కడ ఎవరు పడుకున్నారో, ఎవరు మేలుకున్నారో ఎవరికీ తెలియకుండా ఉండేది కాదు. ఇక్కడ నాకూ గ్లోరియాకూ మధ్య ఉన్నది ఏడు అంతస్తులు. ఆమె మా లిఫ్టులో రోజూ వచ్చీ పోయీ ఉంటుంది. నేను తల వంచుకుని తాళంచెవులు వెతుక్కుంటూ ఉండి ఉంటాను.

ఒక రాత్రి యెసేనియా వచ్చి సోఫా పక్కన నిలబడింది. నేను ఉలిక్కిపడి లేచాను.

"మిస్, మీరు గురకపెడుతున్నారు."

"అవునా?"

"మేలుకుని ఉంటానని అమ్మకు చెప్పారు."

తప్పించుకోవడానికి దారి లేదు. అప్పుడు చెప్పాను, నాయినమ్మ సంగతి, సైకిల్ చప్పుడు సంగతి, పోశన్న చిన్నాయన సంగతి. ఇంగ్లీషు ఎట్లా వచ్చిందో నాకు తెలియదు, తప్పులతోనే వచ్చింది. ఆ పిల్ల నేలమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని వింది. "మీ నాన్న ఎప్పుడూ తిరిగొచ్చాడా?" అని అడిగింది. ఎప్పుడూ వచ్చాడు, ముసలివాడై మంచంలో పోయాడు, అన్నాను. లేచి లోపలికెళ్ళింది. తర్వాత తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మ బ్రేకులో చేస్తుంది. మీరు ఎత్తండి. ఏమైనా అయితేనే నన్ను లేపండి."

గ్లోరియా ఫోన్ చేసినప్పుడు నేనెత్తాను. నా గొంతు విని ఆమె కంగారుపడింది. "ఏమైంది? యెసేనియా ఏది?"

"పడుకుంది," అన్నాను. వేర్‌హౌసులో సామాను మోసే బెల్టుల రొద వినపడుతోంది. ఆమె ఫోన్ పెట్టేయలేదు. బ్రేకంతా అట్లాగే ఫోన్ పట్టుకుని ఉంది.

అప్పటినుంచి అన్ని రాత్రులూ పడుకుందని చెప్పను. కొన్ని పడుకుంది, కొన్ని లేదు. నర్సు ఇచ్చిన సలహాలు కూడా అప్పుడు కొంత పనికొచ్చాయి. దీపం ఒకే వేళకు ఆర్పేవాళ్ళం, కారం చిప్సు సాయంత్రానికే పరిమితం చేశాం. వసంతం వచ్చేసరికి క్లాసులో తల వాల్చడం తగ్గిందని టీచర్ చెప్పాడు. సంక్షేమ ఆఫీసువాళ్ళు రావడం మానేశారు. అప్పుడే గ్లోరియాకు లండన్‌లో, అదే మన ఒంటారియో లండన్‌లో, ఒక ఆసుపత్రి లాండ్రీలో పగటి పని దొరికింది. అక్కడ ఆమె కజిన్ ఉంటుంది. స్కూళ్ళు మూసిన వారంలో కజిన్ వ్యాన్ తెచ్చింది. లూసియా నా కొంగు వదలకపోతే నేనూ ఎక్కాను.

సామాను మధ్య ఇరుక్కుని కూర్చున్న యెసేనియా హైవే ఎక్కిన కాసేపటికే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, మెడ వాల్చి, పట్టపగలు. దారిలో కాఫీకి ఆపినా లేవలేదు. గ్లోరియా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూతుర్ని చూస్తూ ఉండిపోయింది.

"మేం సాల్వడోర్ నుంచి వచ్చేటప్పుడు చిన్నది నా కడుపులో ఉంది," అంది. "బస్సులు, లారీలు, నడక. నాకు జ్వరం. మిహా, బిడ్డా, నేను కాసేపు కళ్ళు మూసుకుంటా, నువ్వు కళ్ళు తెరిచి ఉంచు, సంచి ఎవరూ తీసుకోకుండా చూడు, అని పెద్దదానికి చెప్పా. అప్పుడు దానికి ఆరేళ్ళు, ఏడేళ్ళు. ఇంక మూసుకోమని చెప్పడం మర్చిపోయా."

 కజిన్ రేడియో తగ్గించింది.

లండన్‌లో ఇల్లు చేరాక సామానంతా దింపాం, యెసేనియాను లేపలేదు. వ్యాన్ తలుపులు తెరిచి గ్లోరియా ఆమె పక్కనే కూర్చుంది. ఎండ వాలాక ఆ పిల్ల కళ్ళు తెరిచింది. ఖాళీ వ్యాన్ చూసింది, కొత్త వీధి చూసింది. మొహం ఎర్రబడింది. "నన్నెందుకు లేపలేదు?" అని తల్లిమీద విరుచుకుపడింది. "చెల్లి ఎక్కడ? సామాను ఎవరు చూశారు? ఎందుకు లేపలేదు?" గ్లోరియా దగ్గరికి తీసుకోబోతే తోసేసింది. గబగబా లోపలికెళ్ళి ప్రతి గదీ చూసొచ్చింది, వీధి తలుపు గడియ వేసి తీసి చూసింది. నేను బస్సుకు బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఈ రాత్రి మీరు ఉండరా మిస్?"

"అమ్మ ఉంటుంది కదా. ఇంక రోజూ రాత్రి ఉంటుంది."

"అవును," అంది. "అమ్మ ఉంటుంది." ఆ మాట ఎంతవరకు నమ్మొచ్చో చూసుకుంటున్నట్టు అంది.

కొన్ని వారాలు ఆగి, రాత్రి భోజనాలయ్యే వేళ దాటాక ఫోన్ చేశాను. గ్లోరియా ఫోనెత్తి గుసగుసగా మాట్లాడింది. పని బాగుందట, కాళ్ళ నొప్పులు తగ్గాయట, ఎన్నాళ్ళకో రాత్రిపూట మంచం మీద పడుకుంటున్నానంది. "ఎందుకంత మెల్లగా మాట్లాడుతున్నావు?" అని అడిగాను.

"పిల్లలు పడుకున్నారు."

"ఇద్దరూనా?"

 ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, మెల్లగా వెళ్తున్న అడుగులు, తలుపు కిర్రుమన్న చప్పుడు వినపడ్డాయి. చాలాసేపటికి తిరిగొచ్చింది.

"చిన్నది పడుకుంది," అంది.